కదలకూడని కొలిమి

మా పెదనాన్న కాలువల శాఖలో తిరుగుడు కమ్మరి. ఆయన ఎక్కడికి వెళ్తే కొలిమి కూడా అక్కడికే వెళ్ళేది. మూడు కాళ్ళ మీద ఇనప పళ్ళెం, పక్కన గాలి ఊదే చక్రం, దాన్ని తిప్పడానికో పిడి. ఇద్దరు పట్టుకుంటే పడవెక్కేది. పూర్వం ఇలాంటివి సైన్యాల వెంట వెళ్ళి గుర్రాలకు లాడాలు చేశాయనీ, వంతెనలు కట్టేచోట రివెట్లు కాల్చాయనీ, ఓడలెక్కి సముద్రాలు దాటాయనీ చెప్పేవాడు. ఆ యుద్ధాల్లో ఈయన కూడా ఉన్నాడేమోనని వినేవాళ్ళు అనుకునేవాళ్ళు. కాదని ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ గుర్రాల్లో ఒక్కటైనా మీ మొహం చూసిందా?" అనేది పెద్దమ్మ.

కోతలు ఎన్ని కోసినా పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. కాలువకు అడ్డంగా ఉండే ఇనప తలుపుల్లో రేకుల్ని కలిపి పట్టే రివెట్టు ఊడితే, ఆ తలుపును శాఖ షెడ్డుకు మోసుకు రాలేరు. అందుకే కొలిమిని గట్టు మీదే పెట్టేవాడు. ఎండలో ఇనుము ఎరుపు సరిగ్గా తెలియదు గనక దాని మీద నల్లగొడుగు కట్టేవాడు. నిప్పురవ్వలకు గొడుగు గుడ్డ చిల్లులు పడేది. పెద్దమ్మ తిట్టుకుంటూ మాసికలు వేసేది.

కొత్తగా వచ్చిన ఆఫీసరు షెడ్డు తనిఖీ చేసిన రోజు కొలిమి అక్కడ లేదు. పనున్న చోట, కాలువ గట్టు మీద ఉంది. సర్కారు వస్తువు ఇలా ఊరేగడమేమిటని ఆయన మండిపడ్డాడు. రెండు రోజుల్లో కొలిమి మూడు కాళ్ళనూ షెడ్డు నేలలో సిమెంటు పోసి పాతించేశాడు. తెలివంటే అలా ఉండాలి.

ఇక పెదనాన్న షెడ్డులో రివెట్టు కాల్చి, నిప్పుల బకెట్లో వేసుకుని గట్టు దాకా అరమైలు పరుగెత్తేవాడు. అక్కడికి చేరేసరికి అది నల్లబడి చల్లారేది. మళ్ళీ వెనక్కి పరుగు. యాభై ఆరేళ్ళ మనిషి అలా ఉరుకుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నెల తిరక్కుండా కాగితం వచ్చింది. కొలిమి తిరగడం లేదు గనక తిరుగుడు కమ్మరి అవసరం లేదట, పోస్టు ఎత్తేస్తారట. పింఛనుకు ఇంకా రెండేళ్ళ సర్వీసు కావాలి. ఆ రోజు పెద్దమ్మ ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు.

పోస్టు పోవడానికి ఇంకా వారం ఉందనగా వరద వచ్చింది. ఎగువనున్న తలుపు బందు దగ్గర రివెట్లు తెగాయి. తలుపు ఒరిగితే దిగువనున్న ఇళ్ళు మునుగుతాయి. పెదనాన్న ఎవరినీ అడగలేదు. గడ్డపార తీసుకుని సిమెంటు పగలగొట్టాడు. పడవ నడిపే ఆయనా, నేనూ కొలిమిని మోశాం. వానలో గొడుగు కింద నేను చక్రం తిప్పుతుంటే ఆయన కాల్చి, బిగించి, సాయంత్రానికి తలుపు నిలబెట్టాడు. చేతులు బొబ్బలెక్కినా మొహం వెలిగిపోతోంది.

మర్నాడు ఆఫీసరు మెమో ఇచ్చాడు, షెడ్డు నేల పాడు చేసినందుకు. వరద చూడ్డానికి వచ్చిన పెద్దాఫీసరు మాత్రం కొలిమి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఎంత అపురూపమైన వస్తువయ్యా! దీన్నా వానలో పడేశారు?"

తలుపుల పనికి వెల్డింగు మిషను తెప్పించారు. కొలిమికి నల్లరంగు వేసి, పెద్దాఫీసు వసారాలో చుట్టూ తాడు కట్టి నిలబెట్టారు. దాన్నెవరూ కదపకుండా చూడ్డానికి ఒక మనిషి కావాలి గనక పెదనాన్న ఉద్యోగం నిలిచింది. మెమో రద్దు చేసి స్టూలు ఇచ్చారు.

ఒక మధ్యాహ్నం నేను అన్నం క్యారియరు తీసుకెళ్ళేసరికి, ఏదో పనిమీద వచ్చిన ఒకావిడ తాడు దగ్గర నిలబడి కొలిమికి తగిలించిన పలక చదువుతోంది. "పూర్వం కమ్మరులు వాడిన మోత కొలిమి. ముట్టుకోరాదు."

"దీంతో పనిచేసినవాళ్ళు ఇప్పుడెవరన్నా ఉన్నారాండీ?" అని అడిగింది.

పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని, ఆ పలకను తనూ మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"లేరమ్మా," అన్నాడు. "పూర్వం అని రాశారు కదా."