పసుపు గుడ్డ కట్టిన సైకిళ్ళు

ఇప్పుడు మిద్దె మెట్లు ఎక్కాలన్నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈ కాళ్ళతోనే ఒకప్పుడు గండికోట కొండబాట మీద సైకిలు తొక్కానంటే నా మనవరాలు నమ్మదు. నమ్మకపోయినా ఫరవాలేదు. స్వామి నాకు ఇచ్చినవాటిలో అదొకటి, నాకు గుర్తుంటే చాలు.

సైకిలు నేర్పింది మా అన్న. అక్షరాలు నేర్పిందీ ఆయనే. పులివెందుల వైపు మా ఊళ్ళో బడి అవతలి పార్టీవాళ్ళ వీధిలో ఉండేది. ఆడపిల్లను ఆ వీధిలోకి పంపేది లేదన్నాడు మా నాయన. అన్న మాత్రం పక్కూరి బడికి సైకిలు మీద పోయి, సాయంత్రం వచ్చి, తను నేర్చుకున్నదంతా గొర్రెల దొడ్డి గోడ మీద బొగ్గుతో రాసి నాచేత దిద్దించేవాడు. గొర్రెలు ఒరుసుకుని సగం అక్షరాలు చెరిపేసేవి. మళ్ళీ రాసేవాడు. ఈ రోజు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే.

నేను పెళ్ళయి జమ్మలమడుగుకు వచ్చిన కొన్నేళ్ళకు మా చిన్నాయనను అవతలి పార్టీవాళ్ళు పొలం దగ్గర చంపారు. తర్వాత మా అన్న వంతేనని ఊళ్ళో మాట పుట్టింది. ఆయన ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. కానీ ఆ రోజుల్లో ఏ ఇంట్లో పుట్టాడన్నదే చాలు. అప్పటికి పెళ్ళి కాని మనిషి, ఒక సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు.

మా వైపు కొత్త మనిషి కనబడితే మొదట అడిగేది ఊరి పేరు. ఊరి పేరు చెబితే పార్టీ చెప్పినట్టే. అందుకని ఎవరడిగినా ప్రొద్దుటూరని చెప్పాలని మా ఆయన అన్నకు నూరిపోశాడు. అసలు అడిగేవాళ్ళ కంటబడితే కదా. ఆయన నడిమింట్లోంచి బయటికి వచ్చేవాడే కాదు. వాకిట్లో ఎవరైనా దగ్గినా తినే చెయ్యి ఆగిపోయేది. మనిషి చిక్కిపోయాడు. మాట కూడా తగ్గింది. తాలూకా ఆఫీసులో పని చేసి అలిసి వచ్చే మా ఆయనా, వంటింట్లో నేనూ, ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడటానికే అలవాటు పడిపోయాం.

మా పక్కింటాయన సాయిబు, బాడుగ సైకిళ్ళ అంగడి నడిపేవాడు. మనిషిని ఇట్లా మగ్గబెడితే బతికుండి ఏం లాభమని ఒకరోజు మా ఆయనను నిలదీశాడు. ఆదివారం అంగడి మూసి, అందరికీ సైకిళ్ళు తనే ఇచ్చి, తనూ భార్యా కూడా వస్తామన్నాడు. పార్టీల జీపులు తిరిగే తారు రోడ్డు వదిలి, కొండ కింద బండ్లబాట పట్టుకుని గండికోటకు పోయి, లోయ అంచున కూర్చుని తిని వద్దామన్నాడు. అన్న ఆ మాటకు తలెత్తి చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళలో ఆశ కనబడేసరికి నేను కాదనలేకపోయాను.

కానీ భయం పోలేదు. ఆదివారం తెల్లవారి, పులివెందుల అవతల ఉన్న గండి ఆంజనేయస్వామిని తలుచుకుని, మా అన్న క్షేమంగా తిరిగి ఇల్లు చేరితే ముడుపు నీ సన్నిధిలో విప్పిస్తానని మొక్కి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడివేసి ఆయన సైకిలు హ్యాండిలుకు కట్టాను. పక్కింటామె చూసి, "మా బండికి గూడ కట్టక్కా, దేవుడు చూసుకుంటాడు" అంది. ఆ గుడ్డనే చింపి అందరి సైకిళ్ళకూ తలా ఒక పేలిక కట్టాను.

నాది ఆడవాళ్ళ సైకిలు. పక్కింటామె భర్త వెనక క్యారియరు మీద జొన్నరొట్టెలూ, శెనక్కాయల ఊరుబిండి పచ్చడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాట నిండా గులకరాళ్ళు. చక్రం ఒకవైపు, మనం ఒకవైపు. ఎగువ వచ్చినచోట దిగి తోసుకుంటూ, దిగువ వచ్చినచోట బ్రేకు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటూ పోయాం. బాటకు రెండు వైపులా తంగేడు విరగబూసి ఉంది. అన్న అందరికన్నా ముందు పోతున్నాడు. వెనక నుంచి ఆయన వీపు చూస్తుంటే, దొడ్డి గోడ దగ్గర నిలబడిన మా అన్నే మళ్ళీ కనబడ్డాడు.

బాట ఒక పల్లె గుండా పోతుంది. టీ అంగడి బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో నలుగురైదుగురు మమ్మల్ని చూసి లేచారు. ఒకాయన బాటకు అడ్డం వచ్చి అన్న సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు.

"యాడప్పా మీటింగు? ఇంతమందే వొచ్చినారు, మిగతా మంద యాడుంది?"

మిగతావాళ్ళు నవ్వారు. కోట చూడటానికి పోతున్నామని మా ఆయన చెప్పాడు.

"కోట చూసేదానికి జెండాలెందుకప్పా?"

అప్పుడు వెలిగింది నాకు. ఓట్ల పండుగ దగ్గర పడిన రోజులు. సైకిలు ఒక పార్టీ గుర్తు, పసుపు ఆ పార్టీ రంగు. వరసగా సైకిళ్ళు, ప్రతి హ్యాండిలుకూ పసుపు గుడ్డ. ఆ పల్లె అవతలి పార్టీది.

ఏ ఊరని అడిగాడు. మా ఆయన జమ్మలమడుగన్నాడు. ఆ మనిషి అన్న వైపు తిరిగి, "నువ్వు?" అన్నాడు.

ప్రొద్దుటూరను, ప్రొద్దుటూరను అని నేను లోపల జపం చేస్తున్నాను. అన్న మా ఊరి పేరు చెప్పాడు. అడగకుండానే మా నాయన పేరు కూడా చెప్పాడు.

నవ్వులు ఆగిపోయాయి. బెంచీ మీద ఇంకా కూర్చున్న ఒకడు కూడా లేచాడు.

టీ అంగడి ముసలామె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అన్న హ్యాండిలుకున్న ముడిని వేళ్ళతో నొక్కి చూసింది.

"బిళ్ళ తగుల్తాంది. ముడుపురా ఇది. జెండాలో ఎవురన్నా బిళ్ళ కడతారా?" అని, నా వైపు తిరిగింది. "కుంకం బెట్టలేదేందమ్మా? ఉత్త పసుపు గుడ్డ కడితే ఈ కాలంలో ఎవురికి తెలుస్తాది?"

నిజమే, హడావుడిలో మరిచిపోయాను. ఆమె లోపలికి పోయి కుంకుమ తెచ్చి, నాలుగు సైకిళ్ళ గుడ్డలకూ వరసగా బొట్లు పెట్టింది. సాయిబు తన హ్యాండిలు కూడా ముందుకు వంచాడు. ఇంత జరుగుతున్నా ఆ మనిషి అన్న సైకిలు వదల్లేదు.

"ఇంగో ఊరి పేరు చెప్పింటే సరిపోతాండె గదా. ఎందుకు చెప్పినావు?"

"దాచిపెట్టుకోని అలిసిపోయినానన్నా" అన్నాడు మా అన్న.

ఆ మనిషి అన్న ముఖంలోకి చూసి చెయ్యి తీసేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఈ దారిన రావద్దని, తారు రోడ్డున పొమ్మని చెప్పి పోయి బెంచీ మీద కూర్చున్నాడు. అది బెదిరింపో, మేలుకోరి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. మేలనే అనుకుని ఆయన పేరు తెలియకుండానే దండం పెట్టుకుంటుంటాను.

కోట అంచున కూర్చున్నప్పుడు కింద పెన్న సన్నగా, పడుకున్నట్టు ఉంది. ఎదుటి కొండ పొరలు పొరలుగా ఎర్రగా ఉంది. వచ్చేసారి తను వేరే రంగు గుడ్డ కడతానని సాయిబు అంటే, "యా రంగు కట్టినా ఎవురో ఒకరిదే అయితాదిలే" అన్నాడు అన్న. అందరం నవ్వాం. ఆయన ఆ రోజు మూడో రొట్టె కూడా అడిగి తిన్నాడు.

తారు రోడ్డున క్షేమంగా ఇల్లు చేరాం. ఇక ముడుపు గండికి చేరాలి. పులివెందుల మీదుగా పోవాలి, బస్సు మా ఊరి పొలిమేర దాటుకునే పోతుంది. తను తీసుకుపోతానన్నాడు మా ఆయన. అన్న ఒప్పుకోలేదు.

"నా కోసం కట్టింది నేనే ఇప్పాల. ఊరి పేరు చెప్పేసినాను గదమ్మీ, ఇంగ దాచేదేముంది?"

పొద్దున బస్సెక్కాడు. నేను ఆ రోజంతా దేవుడి పటం ముందు కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు కొబ్బరి చిప్పతో, నుదుట సిందూరంతో వచ్చాడు. ఎవరైనా చూశారా అని అడిగాను. పులివెందుల బస్టాండులో మా ఊరివాళ్ళు ఇద్దరు కనబడ్డారట. ఒకాయన ముఖం తిప్పుకున్నాడట. రెండో ఆయన బాగున్నావా అని అడిగాడట.

"నువ్వేమన్నావన్నా?"

"బాగుండానని చెప్పినా."

చెంబెడు నీళ్ళు తాగి, నడిమింట్లోంచి చాప తెచ్చుకుని, వీధికి కనబడేటట్టు వసారాలో పరుచుకుని పడుకున్నాడు. నేను తలుపు వేయకుండా గడప మీద కూర్చున్నాను. దీపం పెట్టే వేళకు ఆయన గురక పెడుతున్నాడు.