నల్లి మెడ మీది నూగు

ముందే ఒప్పుకుంటున్నాను: గోరంతను కొండంత చేయకపోతే నాకు అన్నం అరగదు. కాబట్టి నేను వంద అన్నచోట మీరు పది అనుకోండి. ఆఖర్న నేనే లెక్క సరిచేస్తాను.

మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి ఒక పటం తెచ్చింది. ఇక్కడే సూరత్‌లో పుట్టి పెరిగి జంతుశాస్త్రం చదువుతున్న పిల్ల. కాగితం మీద రెండు నల్లుల బొమ్మలు, అచ్చం కవలల్లా ఉన్నాయి. "పప్పా, రెండు సేమ్ టు సేమ్ ఉన్నయ్ గదా, ఫరక్ ఏందో చెప్పుండ్రి చూద్దాం" అంది, మగ్గాల మధ్య బతికిన తండ్రికి ఏం తెలుస్తుందిలే అన్న ధీమాతో. నేను కళ్లజోడైనా పెట్టుకోకుండా, తల వెనక మెడ అంచున ఉన్న వెంట్రుకలు చూడమన్నాను: అవి నల్లి కంటి వెడల్పు కన్నా పొడుగ్గా ఉంటే గబ్బిలాల నల్లి, పొట్టిగా ఉంటే మనుషుల నల్లి. పిల్ల నోరు తెరిచింది. నాకు మాత్రం ముప్పై ఏళ్ల కిందటి చెమట మళ్లీ వీపున పట్టింది.

అప్పుడు సూరత్‌లోనే బమ్రోలి పేటలో ఒక మేడ పైవాటాలో, రేకుల గదిలో ఉండేవాళ్లం. మంచాలు ఆరు, మనుషులు పన్నెండు మంది. పగటి పాళీ వాడు లేచిన మంచం మీద రాత్రి పాళీ వాడు ఒరిగేవాడు గనుక ఆ మంచాలు ఎన్నడూ చల్లబడి ఎరగవు. అలాంటి చోట ఒకడి నల్లి అందరి నల్లి. అందుకే ఒక కాయిదా ఉండేది: ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడి మూటను, ఎంత దగ్గరి చుట్టమైనా సరే, మూడు రోజులు పక్క మేడ మీద ఎండలో పరిచాకే గదిలోకి రానివ్వాలి. కాయిదా తప్పి నల్లుల్ని తెచ్చినవాడు బయటికి పోవాల్సిందే. ఆ కబురు గల్లీ అంతా పాకి మరో గదిలో చోటు దొరికేది కాదు, తల దాచుకునే చోటు లేనివాణ్ణి ఏ కార్ఖానాలోనూ పనిలో పెట్టుకునేవారు కాదు.

మా చిన్నమామ, అంటే అమ్మకు తమ్ముడు, నడి వానాకాలంలో దిగాడు. ఊళ్లో నేత పని ఆగిపోయి, అత్తను పుట్టింట్లో దించి, మగ్గం కట్టెలు అమ్మి టికెట్టు కొనుక్కుని వచ్చిన మనిషి. వెనక్కి పోతే కూర్చోవడానికి మగ్గం కూడా లేదు. ఆయన మూట ఎండబెట్టే పూచీ నాది. ఎండ ఏదీ? నలభై రోజులు తెరిపి లేని వాన. తాపీ నది మా మెట్లెక్కి వచ్చి తుడుచుకోవడానికి తువ్వాలు అడిగిపోయింది. నేను మూటను అలా పైకి తీసుకుపోయి ఇలా కిందికి తెచ్చి, ఎండబెట్టానని చెప్పేశాను.

పది రోజులు తిరిగేసరికి చింతగింజలంతేసి నల్లులు. మగ్గాలు ఆగే కరెంటు సెలవునాడు, రెండు పాళీల వాళ్లూ గదిలో ఉన్న పూట, మా గదికి పెద్దదిక్కయిన మనిషి పంచాయతీ పెట్టాడు. ఆయన ఊరి వరుసకు నాకు పెదనాన్న, మా మాటలో పెద్దబాపు. "ఏం బామ్మర్దీ, ఊర్ల నల్లులన్నిటిని రైలెక్కించుకొస్తివి, వాటికి టికెట్ గిట్ల తీసినవా?" అని వేళాకోళంగానే మొదలుపెట్టాడు గాని, ఎవరూ నవ్వలేదు. మామ తల దించుకుని, "మూట అల్లుడే ఎండేసిండు బావా" అన్నాడు. అందరి చూపులూ నా మీదికి తిరిగాయి.

కింది వాటాలో ఒక గుజరాతీ మాస్టారు ఉండేవారు, బడిలో సైన్సు చెప్పేవారు. గొడవ విని పైకొచ్చి, నల్లుల్లో రెండు జాతులున్నాయని, మెడ వెంట్రుకల గుర్తు చెప్పి, అవి రేకుల కింది గబ్బిలాలవైతే ఈ మనిషి తప్పు లేనట్టేనని తేల్చి వెళ్లారు. గుడ్డలో పోగులు లెక్కపెట్టే మడత భూతద్దం మా దగ్గర ఉండనే ఉంది; దాంతో చూడటంలో గదిలో నాకే పేరు. "అన్ని జాగలల్ల పట్టు, మూట గూడ ఇప్పి చూడు" అన్నాడు పెద్దబాపు. దూలం మీద రెండు, మంచం కోడు సందులో ఒకటి దొరికాయి. మూటలో ఏమీ దొరకలేదు. మూడింటినీ అగ్గిపెట్టెలో వేసుకుని, అందరికీ వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. వెనక మామ అప్పటికే చెప్పులు తొడుక్కుని, మళ్లీ కట్టిన మూట ఒళ్లో పెట్టుకున్నాడు. అద్దం కాస్త జరిగితే నల్లి అదృశ్యమయ్యేది, మళ్లీ గంగిరెద్దు కన్నంత కన్నుతో ప్రత్యక్షమయ్యేది.

పొడుగు వెంట్రుకలే అన్నాను. పెద్దబాపు లేచి వచ్చి అద్దం అందుకుని, ఒక్కొక్కదాన్నే చాలాసేపు చూసి, "నూగు లేచిన నూలు లెక్కున్నదిరా" అన్నాడు. తరవాత నావైపు తిరిగి, "నువ్ జర చెయ్యి కడుక్కొని రా, బువ్వ తిందాం" అన్నాడు. మామ చెప్పులు విప్పాడు.

ఆ సాయంత్రం రేకుల కింద సందులోంచి వెయ్యి గబ్బిలాలు లేచిపోయాయి. అవి పోగానే సందు మూసేశాం. మామ నిలదొక్కుకుని, రెండేళ్లకు అత్తను పిలిపించుకున్నాడు. అన్నట్టు, ఆ యేడాదంతా మామ లుంగీ, బనీను, దుప్పటి సమస్తం చిలకపచ్చ రంగులో ఉండేవి.

ఇక లెక్క సరిచేస్తాను. వాన ఆరు రోజులే కురిసింది. గబ్బిలాలు తొమ్మిది. నల్లులు నల్లులంతే ఉన్నాయి. మూటలో ఏమీ దొరకలేదన్నది మాత్రం కల్పన. అది ఇవాళ మీ కోసం అల్లింది కాదు, ఆనాడే అల్లాను. మూట ముడిలో నాలుగోది దొరికింది, దాని వెంట్రుకలు పొట్టివి. కిటికీ దగ్గర దాన్ని బొటనవేలి గోటి కింద నలిపేశాను. మర్నాడే పాండేసరలో రంగుల మిల్లులో పనిచేసే స్నేహితుడి చేత మామ మూట మొత్తం మరిగే తొట్టిలో ముంచించాను. ఆనాటి రంగు చిలకపచ్చ.

ఇప్పుడు మామకు ఇక్కడే ఉన్ అనే పేటలో సొంత ఇల్లు. నేను వెళ్తే నాకొక్కడికే వేరే గదిలో పరుపు వేయిస్తాడు. అంత చల్లటి పరుపు మీద నాకు నిద్ర రాదు. పిల్లల చేతుల్లోకి ఇప్పుడు పెద్ద పెద్ద అద్దాలొచ్చాయి, ఏదీ చూపు తప్పించుకోదు. పెద్దబాపు లాంటి చూపు మాత్రం మళ్లీ ఎక్కడా తగల్లేదు. అడుగుదామంటే ఆయన లేడు. నలిపిన నల్లి కంపు గదంతా తెలుస్తుంది, గోటి మీద నెత్తురు చుక్క అద్దం లేకుండానే కనిపిస్తుంది. ఆ పూట అందరం ఒకే గిన్నె చుట్టూ కూర్చున్నాం; చెయ్యి కడుక్కోమన్నది నన్నొక్కడినే.