అమ్మ కోసం కట్టిన బండి

నా చిన్నప్పుడు మా పక్క పెళ్ళిళ్ళు జంటగా జరిగేవి. మీ పిల్లను మావాడికి ఇవ్వండి, మా పిల్లను మీవాడికి ఇస్తాం అని పెద్దలు ఒక్క తాంబూలంతో రెండు కాపురాలు కుదిర్చేవారు. కుండమార్పిడి అనేవారు దాన్ని. ఖర్చు తగ్గుతుంది, ఎవరి పిల్ల కోసం వాళ్ళు ఎదుటివాళ్ళ పిల్లను బాగా చూసుకుంటారు అని వాళ్ళ ఆలోచన. ఆలోచన బాగానే ఉంది, పాడుగాను! ఆ ఇద్దరు ఆడపిల్లలను అడిగినవాళ్ళెవరు?

మా అమ్మ కర్నూలు పడమటి పల్లెలో ఉన్న మా ఇంటికి అట్లాగే కోడలిగా వచ్చింది. ఆమెకు బదులుగా మా నాయన చెల్లెలు, అంటే మా అత్త, ఆత్మకూరు దగ్గరి ఊళ్ళో మా మేనమామకు భార్యగా వెళ్ళింది. వరసలు అట్లా కలిశాయి కాబట్టి వాళ్ళిద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో. వానలు మొగం చాటేసి జొన్నచేలు నిలువునా ఎండిపోయిన ఏడు, మా అత్త చిన్న మూట పట్టుకొని ఒక్కతే వచ్చింది. మామ కొట్టి వెళ్ళగొట్టాడని అవ్వతో చెప్పింది. అమ్మ ఆమెకు నీళ్ళు పోయబోయి, వీపు చూసి, దొడ్లోనే కూలబడింది. కొట్టినవాడు తన సొంత అన్న కదా.

మా తాత ఆ పూట సంగటి ముట్టలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. కానీ కుండమార్పిడికి ఒక కట్టుబాటు ఉండేది. ఒక ఇంటివాళ్ళు పిల్లను వెళ్ళగొడితే, రెండో ఇంటివాళ్ళు కూడా వాళ్ళ పిల్లను పంపేయాలి. పంపకపోతే నలుగురిలో తలెత్తుకోలేరు. మర్నాడు పొద్దున్నే అమ్మను పుట్టింట్లో దింపి రమ్మని బండి కట్టించాడు. మా నాయన పశువులకు మేత వేస్తూ ఉండిపోయాడు. పాలు తాగే తమ్ముడు అమ్మతో పోవచ్చు, నేను మాత్రం ఈ ఇంటి పిల్లను కాబట్టి ఇక్కడే ఉండాలన్నారు. అమ్మ కొంగు రెండు చేతులతో పట్టుకున్నాను. విడిపించబోయిన అవ్వ చెయ్యి కొరికాను.

అత్త గడపలో నిలబడి ఇదంతా చూసింది. కాసేపటికి వచ్చి తాత ముందు నిలబడింది.

"నన్నెవురూ తరమలేదు నాయనా. నేనే అలిగి వచ్చినా. బండి ఎట్లాగూ కట్టినారు గదా, నన్నే తోలుకపోండి."

అబద్ధమని తాతకు తెలుసు. ఆ ఇంట్లో తెలియనిది ఎవరికి? అమ్మ ఒక్కతే ఆమె చేతులు పట్టుకొని, నేనే పోతాను, నువ్వు ఉండు వదినా అని ఏడ్చింది.

"నీకు బిడ్డలుండారు వదినా" అని మాత్రం అనింది అత్త.

ఎక్కేముందు నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని చిక్కు తీసి జడ వేసింది. బండి కదిలింది. అమ్మ మిగిలిందని నాకు ఎంత సంతోషమో! ఆ సంతోషం ఎవరి కష్టం మీద వచ్చిందో తెలిసే వయసు కాదు.

ఆ తర్వాత అమ్మ తన పుట్టింటి గడప తొక్కలేదు, అన్న మొగం చూడలేదు. అత్తను చూడాలన్నా ఆ ఇంటికే పోవాలి కదా, అందుకని అదీ లేకుండా పోయింది. కొత్త చీర కట్టిన ప్రతిసారీ, అక్కడ వదిన ఏం కట్టుకుందో అని ఆ పూటంతా అమ్మ దిగులుగా ఉండేది.

నా కూతురికి సంబంధం కుదిరినప్పుడు, అదే ఇంటి పిల్లను నా కొడుక్కి చేసుకోమని చుట్టాలు వెంటబడ్డారు. చస్తే చేసుకోనన్నాను. పెళ్ళికి పిలవడానికి అత్త దగ్గరికి నేనే వెళ్ళాను. అప్పటికి మామ పోయి చాలా ఏళ్ళయింది. అత్త చూపు ఆనక, నాపరాళ్ళ అరుగు మీద కూర్చొని శెనక్కాయలు వలుస్తూ ఉంది. నా బిడ్డను ఎవరికీ మార్పిడిగా ఇవ్వడం లేదత్తా అని చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయితే ఆ పిల్ల ఎప్పుడన్నా తిరిగి రావొచ్చు" అనింది.

ఇప్పుడు పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్తుంటాను. నూరేళ్ళు చల్లగా కాపురం చేసుకోండని అందరితో పాటు నేనూ పైకి అంటాను. అక్షింతలు వేసేటప్పుడు లోపల మాత్రం, నువ్వు వస్తే తలుపు తీసేవాళ్ళు ఉండాలి తల్లీ అని పెళ్ళికూతురి కోసం మొక్కుకుంటాను.