మెమ్‌చా వడ్డించిన బంతి

2023 వానాకాలం. తాడేపల్లిగూడెంలో ఒక చిన్న ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌కి నేను ఇన్‌ఛార్జి నర్సుని. కిడ్నీలు చెయ్యలేని పనిని అక్కడ మిషన్ చేస్తుంది. నాలుగు గంటలపాటు రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపుతుంది. ఆ సన్నటి రొదలో పేషెంట్లంతా సగం నిద్రలో తేలుతుంటారు. కిటికీ బయట వాన, లోపల వాళ్ల కలవరింతలు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నా ఆ మధ్యాహ్నాలు నాకు నిజంలా అనిపించవు.

మా ఒకే ఒక్క టెక్నీషియన్ మెమ్‌చాది మణిపూర్. చదువుకునేటప్పుడే తెలుగు నేర్చుకుంది. ఫిస్టులాలో, అంటే సూది కోసం ఆపరేషన్ చేసి లావు చేసిన చేతి నరంలో, ఆమె సూది గుచ్చితే పేషెంటు కనురెప్ప కదిలేది కాదు. అంత దూరం నుంచి వచ్చిన పిల్ల అని నెత్తిన పెట్టుకున్నాం. కుర్చీ ఆమెకే, మొదటి టీ ఆమెకే. గ్లాసు కడగబోతే లాక్కునేవాళ్లం.

చేరిన ఆరు నెలలకి, ఆ వానల్లోనే, వెళ్లిపోతానంది. ఆమె వెళ్తే మా పేషెంట్లు వారానికి మూడుసార్లు ఏలూరు పోవాలి.

“మావల్ల ఏం లోటు జరిగిందండీ?” అని అడిగాను.

“లోటు లేదు సిస్టర్. మా ఊళ్లో విందంటే నేను బియ్యం కడుగుతాను, నీళ్లు మోస్తాను. ఇక్కడ ఎక్కడికెళ్లినా కూర్చోబెడతారు. చుట్టంలా ఎన్నాళ్లుంటాను?”

నాకు ఒళ్లు మండింది. మర్యాద చెయ్యడం కూడా తప్పేనా అనుకున్నాను. పక్క బెడ్ మీద పెంటపాడు నుంచి వచ్చే సత్యవతిగారు కళ్లు మూసుకునే అంతా విన్నారు.

ఆ ఆదివారం ఆవిడ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి మా అందర్నీ పిలిచారు. తుంపర్లో తడుస్తున్న చేలు, షామియానా కింద తెల్లగా లేస్తున్న అన్నం ఆవిరి. ఎవరో మెమ్‌చాకి కుర్చీ వేశారు. సత్యవతిగారు వచ్చి, “కూర్చున్నావేంటమ్మా? రెండో బంతికి పులుసు అందలేదు. ఆ బకెట్ అందుకో” అన్నారు.

మెమ్‌చా బకెట్ బరువుకి ఓ పక్కకి ఒరిగి, ఆవిరిలోంచి విస్తళ్ల వెంబడి నడిచింది. “చూసి పొయ్యమ్మా, బూరె మునిగిపోతోంది” అని ఒక పెద్దాయన విసుక్కున్నారు. ఆమె పకపకా నవ్వేసింది. అలా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

డయాలసిస్ పేషెంట్లు నీళ్లు కొలిచి తాగాలి. ఎక్కువైతే ఒంట్లో నిలిచిపోయి బరువు పెరుగుతారు. ఎవరు పెరిగినా మెమ్‌చా అంతవరకు మాట్లాడకుండా రాసుకునేది. సోమవారం మాత్రం కాటా ముందు నిలబడి సత్యవతిగారిని పట్టుకుంది.

“మూడు కేజీలండీ. పులుసు మీకు నేను పొయ్యలేదు, ఎవరు పోశారు? ఇంకోసారి ఇలా వస్తే ఊరుకోను.”

సత్యవతిగారు తల దించుకుని బెడ్ ఎక్కి, సూదికి చెయ్యి చాపారు. మేం చేసిన మర్యాదే ఆరు నెలలూ ఆ పిల్లని గుమ్మంలో నిలబెట్టిందని అప్పుడు తెలిసి, సిగ్గేసింది. కొత్తవాళ్లు చేరితే ఇప్పుడు మొదటిరోజే పని చెబుతున్నాను. మెమ్‌చా వెళ్లలేదు. ఈమధ్య నన్నూ కోప్పడుతోంది.