గ్యాస్ కట్టేస్తే ఆరాల్సిన చుక్క

ఏళ్ల తరబడి ఆయన ఒక వెలుగు కోసం చీకటిగదిలో కూర్చున్నారు. అది అల్లాటప్పా వెలుగు కాదు. కంటికి కనపడదు, గాలి సోకితే చచ్చిపోతుంది, అద్దం అడ్డుపెడితే అక్కడే ఆగిపోతుంది. అంతటి రాచబిడ్డ పుట్టాలంటే, గాలి తోడేసిన ఉక్కు డబ్బాలో సన్నటి గ్యాస్ ధార మీదికి ఫైబర్ లేజర్ మెరుపుల్ని గురిచూసి కొట్టాలి.

"కనపడనిదాన్ని కనిపెట్టడానికి జీతమా బావా? నేనైతే రోజుకొకటి కనిపెట్టేవాణ్ణి" అనేవాడు బావమరిది.

ఆ జీతమే ఇప్పుడు గాల్లో దీపమైంది. సాయంత్రంలోగా వెలుగు చూపించకపోతే గదీ పోతుంది, ఉద్యోగమూ పోతుందని పెద్దసారు తేల్చేశారు. ఈ వయసులో ఈ విద్య పట్టుకుని ఇంకో గడప ఎక్కే ఆశ ఆయనకు లేదు.

మధ్యాహ్నం కెమెరా తెరమీద తెల్లటి చుక్క వెలిసింది. అసిస్టెంటు అమ్మాయి కళ్లు తుడుచుకుంది. పెద్దసారు వచ్చి, మొట్టమొదటిసారి ఆయన భుజం తట్టి, ఫొటో పైవాళ్లకు పంపమన్నారు.

ఈ విద్యలో ఒక ఆనవాయితీ ఉంది. చుక్క కనపడగానే గ్యాస్ కట్టెయ్యాలి. అసలు వెలుగు గ్యాస్‌లోనే పుడుతుంది గనక వెంటనే ఆరిపోవాలి. ఆరకపోతే, లేజర్‌ని ఆపడానికి కెమెరా ముందు పెట్టిన పలచటి అల్యూమినియం రేకుకు చిల్లుపడి, ఆ లేజరే దొంగదారిన దూరిందన్నమాట.

ఆయనకు ఆ పూట హఠాత్తుగా బోలెడు పని పడింది. తెర తుడిచారు, కుర్చీ సర్దారు, రాయని పెన్నుకు మూత పెట్టారు. గ్యాస్ వాల్వు వైపు మాత్రం చూడలేదు. పెద్దసారూ అడగలేదు, ఆయనకూ పైన పెద్దసార్లున్నారు.

"ఫొటో పంపాక కడదామా సార్?" అంది అమ్మాయి, నేల చూస్తూ.

"పంపాక కట్టే ధైర్యం నాకెక్కడిదమ్మా" అని ఆయన లేచి వాల్వు తిప్పేశారు.

చుక్క చెక్కుచెదరలేదు. పైపెచ్చు కాస్త నిగనిగలాడింది కూడా.

రేకు మార్చి మళ్లీ గాలి తోడేసరికి తెల్లవారిపోతుంది. పెద్దసారు తాళంచెవి ఎవరికివ్వాలో చెప్పి, చప్పుడు కాకుండా వెళ్లిపోయారు.

ఇంటినుంచి ఫోన్ మోగింది.

"వచ్చిందా అండీ?" అంది భార్య.

"వచ్చిందే. మనది కాదు."

మరి ఇప్పుడేం చేస్తున్నారని అడిగింది. డబ్బా విప్పుతున్నానని చెప్పారాయన. ఎవరికోసమని ఆవిడ అడగలేదు. మొదటి బోల్టుకు స్పానరు తగిలించారు.