మా గుమ్మాన్ని రెండోసారి నిలబెట్టిన సిద్ధాంతిగారు

"సిద్ధాంతిగారు పోయేరండీ, తెల్లారగట్ల" అని ఎదురింటాయన మా మెట్ల కింద నిలబడి చెప్పాడు. లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని, వీధిలో నీళ్ళు తొక్కుకుంటూ వచ్చాడు పాపం. వాయుగుండం పట్టి వదలని వాన. కాలవ పొంగి ఊళ్ళోకి వచ్చేసింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇక మనం ఎవరిని అడగాలి అనిపించింది ముందు. పెళ్ళికీ, పుట్టువెంట్రుకలకీ, బోరు వేయించడానికీ, ఆఖరికి దుబాయ్ విమానం ఎక్కడానికీ ఆయన్ని అడక్కుండా అడుగు వెయ్యని ఊరు మాది.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. ఓడలరేవు వెళ్ళే దారిలో మా ఊరు దాటి ఆయన పేరు పెద్దగా పోలేదు కూడా. సన్నటి మనిషి. పాత సైకిలు, హేండిలుకి గొడుగు, భుజాన గుడ్డసంచీలో పంచాంగం. కాఫీ ముట్టేవారు కాదు. నిమ్మాకు వేసిన మజ్జిగ ఇస్తే మాత్రం గ్లాసు ఖాళీ చేసి, రెండోది అడగడానికి మొహమాటపడి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూచునేవారు. మనమే కనిపెట్టి పొయ్యాలి. ఏదైనా నచ్చకపోతే కాదనేవారు కాదు. "ఆయ్, చూద్దామండీ" అనేవారు. ఆ మాట వచ్చిందంటే ఇక ఆ పని జరగదని ఊరందరికీ తెలుసు.

చాలా ఏళ్ళ కిందట వచ్చిన పెద్ద తుఫానుకి మా వీధిలో పెంకుటిళ్ళన్నీ పడిపోయాయి. మాదీ పోయింది. గాలి తగ్గాక చాలామంది వచ్చి పలకరించి వెళ్ళారు, ఫొటోలు తీసుకున్నారు. సిద్ధాంతిగారు మాత్రం ఏమీ మాట్లాడకుండా పడిన ప్రతి ఇంటి దగ్గరా, ఒకప్పుడు గుమ్మం ఉన్నచోట, కాసేపు నిలబడి కదిలేవారు. మా వీధిలో సగం ఇళ్ళకి ముహూర్తాలు ఆయన పెట్టినవే. మా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, "గాలికి నా ముహూర్తం తెలీదు కదమ్మా" అన్నారు. అలా ఒప్పుకున్న సిద్ధాంతిని నేను అంతకు ముందు చూడలేదు.

తరవాత కొత్త రూల్సు వచ్చాయి. ఇళ్ళు కట్టించే ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చి, కరెంటు స్తంభం మీద ఎర్ర గీత గీయించింది. తుఫాను నాడు నీళ్ళు ఎక్కినచోటికి పైన ఆ గీత. ఎవరు ఇల్లు కట్టుకున్నా లోపలి నేల గీతకంటే ఎత్తుండాలి. గుమ్మాల పైన గోడ చుట్టూ కాంక్రీటు పట్టీ తిరగాలి. కప్పుని గోడకి ఇనుముతో బిగించాలి. ఇవి లేకపోతే ఆ ఇంటికి అనుమతి లేదు. ఊరు గొల్లుమంది. కాస్త తవ్వితే నీళ్ళూరే నేల మాది, అంత మెరక చెయ్యడానికి మట్టి ఎక్కణ్ణుంచి తేవాలి? అందరూ సిద్ధాంతిగారి మీద పడ్డారు. ఈశాన్యం పల్లంగా ఉండాలి కదా, ఈ మెరకలు శాస్త్రానికి విరుద్ధమని చెప్పండి అని. ఆయన నవ్వి, పల్లం పెరట్లో ఉంచుకోమంది గాని మంచం కింద ఉంచుకోమనలేదు శాస్త్రం అన్నారు. అంతటితో ఆ వాదన చచ్చింది.

మా సంగతికి వస్తాను. మూఢం ముంచుకొచ్చేస్తోంది. అది వస్తే నెలల తరబడి ముహూర్తాలుండవు. మట్టి లారీలేమో వానకి మా వీధిలోకి రాలేకపోతున్నాయి. మూఢం లోపు గుమ్మం నిలబెట్టేస్తే చాలు, మట్టం సంగతి తరవాత చూసుకోవచ్చని మా ఇంట్లో తీర్మానించారు. ఇలాంటి తెలివి మా వాళ్ళకే పుడుతుంది. మట్టం సరిపోయిందా అని సిద్ధాంతిగారు అడిగితే, మా ఆయన ఏ మాత్రం తడబడకుండా "ఆయ్, సరిపోయిందండీ" అనేశారు. గడప కింద నవధాన్యాలు వేశాం. పసుపు రాశాం, మామిడాకులు కట్టాం, కొబ్బరికాయ కొట్టాం. వేప చెక్క ద్వారబంధం ఎంత నిండుగా ఉందో!

తరవాత ఇంజనీరమ్మాయి వచ్చి, గీతతో మట్టం చూసి, గుమ్మం తీసేసి ఎత్తు చెయ్యండి అంది. ఆ పిల్ల మర్యాదగానే చెప్పింది. మా అత్తయ్యగారికి మాత్రం పిడుగు పడినట్టయింది. అప్పటికి నాకు నెల తప్పిందని తెలిసింది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా, పూజ చేసి నిలబెట్టిన గుమ్మం కదిపితే బిడ్డకి దోషమని ఆవిడ భయం. నాకు అంతకుముందొకటి నిలవలేదు. అందుకని ఆవిడ భయాన్ని నేను తీసిపారెయ్యలేకపోయాను. నాకూ లోపల గుబులుగానే ఉంది. ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూచుని, అనుమతి లేకపోతే మానె, తాటాకు పాకలోనే ఉందాం, దీన్ని ముట్టుకుంటే నా మీద ఒట్టే అన్నారు. పూట గడిచింది, ఆవిడ లేవలేదు. అన్నం తినలేదు.

మా ఆయన వెళ్ళి సిద్ధాంతిగారిని తీసుకొచ్చారు. ఆయన సైకిలు కొబ్బరిచెట్టుకి ఆనించి, కళ్ళజోడు పెట్టుకుని, పంచాంగం తీసి చాలాసేపు చూశారు. వీధిలో జనం పోగయ్యారు. అప్పుడు అందరికీ వినపడేలా చెప్పారు.

"అమ్మా, పొరపాటు నాది. లగ్నం కట్టడంలో తప్పేను. ఆ ముహూర్తం చెల్లదు. చెల్లని ముహూర్తానికి పెట్టింది గుమ్మం అవదు, ఉత్త చెక్కే. దాన్ని కదిపితే ఏ దోషమూ లేదు. మెరక చేసుకోండి. మూఢం వెళ్ళేక నేనే వచ్చి నిలబెడతాను."

అని, ముందు తనే వెళ్ళి ద్వారబంధం మీద చెయ్యి వేశారు. అత్తయ్యగారు ఆయన మొహంలోకి చాలాసేపు చూసి, లేచి పక్కకి తప్పుకున్నారు.

మజ్జిగ ఇస్తూ నేను ఊరుకోలేక, నిజంగా తప్పారా అని మెల్లిగా అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, "లగ్నానికేం, నిక్షేపంలా ఉంది. అది తప్పని అనకపోతే ఆవిడ లేవరు. ఎవరికీ చెప్పకమ్మా" అన్నారు. సిద్ధాంతికి ఉండే ఆస్తి ఏముంది, మాట తప్పదన్న పేరు తప్ప? నలభయ్యేళ్ళుగా కూడబెట్టుకున్న ఆ పేరుని, పుట్టని బిడ్డ కోసం, మా ఇంటి మెరక కోసం, నడివీధిలో పారేసి మజ్జిగ తాగుతున్నారాయన. ఇంకో గ్లాసు పోస్తానేమో అని నా వైపు చూస్తున్నారు కూడా.

మూఢం వెళ్ళేక, మెరక చేసిన నేల మీద మా గుమ్మాన్ని ఆయనే మళ్ళీ నిలబెట్టారు. ఆయన పారేసిన పేరు మాత్రం నిజంగానే పోయింది. సిద్ధాంతిగారికి వయసు మీద పడింది, లెక్కలు తప్పుతున్నాయి అన్నారు ఊళ్ళో. పెద్ద పెళ్ళిళ్ళు మురమళ్ళ వైపు సిద్ధాంతి దగ్గరికి వెళ్ళిపోయాయి. నాకు ఒళ్ళు మండి, చెప్పేస్తానండీ అంటే, ఆయ్, చూద్దామమ్మా అన్నారు. ఇక చెప్పకూడదని అర్థమైంది. ఇల్లు కట్టుకునేవాళ్ళు మాత్రం ఆయన దగ్గరికే వచ్చేవారు. ముందు స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి మట్టం ఎర్ర గీత దాటిందో లేదో తన కళ్ళతో చూసుకుంటే గాని ఆయన తిథి చెప్పేవారు కాదు. మా వీధి వీధంతా అలా పైకి లేచింది. తుఫానుకి పడలేదు కాబట్టి ఆయన పాత ఇంటికి ఏ రూలూ వర్తించలేదు. అది పల్లంలోనే ఉండిపోయింది.

ఆయన పోయిన పొద్దున మేం వెళ్ళేసరికి ఆ ఇంట్లోకి నీళ్ళు వచ్చేశాయి. ఆయన్ని పడుకోబెట్టిన మంచం కోళ్ళు మునిగి ఉన్నాయి. ఆయన భార్య మామ్మగారు అదే మంచం మీద కాళ్ళు ముడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని కూచున్నారు. కూతురు రాజోలు నుంచి రావాలి, దారులు తెగిపోయాయి. అంతవరకూ ఆయన్ని ఎక్కడ ఉంచాలి? బడి నిండా జనం. గుళ్ళో ఉంచకూడదు. పరాయి శవాన్ని ఇంట్లో పెట్టుకోమని ఎవరు ఎవర్ని అడుగుతారు?

మా అత్తయ్యగారు మా ఇంటికి తీసుకురమ్మన్నారు. ఎవరో, పోనీ అరుగు మీద ఉంచుదామండీ అన్నారు. అరుగు మీద జల్లు కొడుతుంది, లోపలికే అన్నారావిడ. ఆయన పోయిన నక్షత్రం ఎలాంటిదో చూడకుండా ఇంట్లోకి ఎలాగండీ, అది మంచిది కాక ఇల్లు వదిలెయ్యాల్సి వస్తే, అని ఎదురింటాయన నసిగాడు. దానికి అత్తయ్యగారు అన్నారు:

"చూసే మనిషి వెళ్ళిపోయేరు కదండీ. ఆ రోజు ఆయన లెక్క తప్పలేదని నాకు తెలుసు. నా కోసం తప్పేనని చెప్పేరు. ఆ గుమ్మంలోంచి ఆయన్ని రానివ్వకపోతే ఇంకెవర్ని రానిస్తానండీ?"

ఇన్నేళ్ళూ ఆవిడకి తెలియకూడదని నేను దాచాను. ఆవిడా ఒక్కరోజూ బయటపడలేదు.

నలుగురు మంచాన్ని భుజాలకెత్తుకుని నీళ్ళలో నడిచారు. వెనకాల మామ్మగారిని నేనూ, ఆనాడు నా కడుపులో ఉన్న కూతురూ చెరో చెయ్యి పట్టుకుని నడిపించాం. మా మెట్ల దగ్గర నీళ్ళు ఆగిపోయాయి. అత్తయ్యగారు ముందే పైకి వెళ్ళి రెండు తలుపులూ బార్లా తీసి, తడి చీరతో ఒక పక్కకి ఒదిగి నిలబడ్డారు. మోసేవాళ్ళు మెట్లెక్కి, ఆయన తలకి గుమ్మం పైచెక్క తగలకుండా కాస్త వంగి, గడప దాటారు.