మైనం పూసిన మందుచీటీ

మందుసీసాకు చీటీ అంటించడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లను నేను ఇప్పటికీ క్షమించను. నిజాం రాజ్యంలో పాలమూరు దవాఖానలో నాకు దొరికిన మొదటి కొలువు అదే. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. తెలుగూ ఉర్దూ రెండూ ముత్యాల్లా రాసేదాన్ని. మా ఇంటావంటా నెల జీతం తీసుకున్న మనిషి లేడు. నేను చేరిన రోజు మా నాయిన వాడంతా తిరిగి చెప్పుకున్నాడు. దారిలో పట్వారీ ఎదురైతే ఆయన్నూ ఆపి చెప్పాడట. అడగనివాడిదే పాపం.

అప్పట్లో మందులు అట్టపెట్టెల్లో వచ్చేవి కావు. రోగి ఇంటి నుంచి ఏదో ఒక ఖాళీ సీసా తెచ్చుకోవాలి. కంపౌండరు అందులో మందు పోసి, బిరడా బిగించి నా ముందు పెడతాడు. తాగే మందుకు తెల్ల చీటీ, ఒంటికి రుద్దుకునే మాలిష్ మందుకు ఎర్ర చీటీ అంటించాలి. తాగే మందైతే సీసా పక్కన నిలువునా ఇంకో కాగితం పట్టీ కూడా ఉండేది. దాని అంచున కత్తెరతో గాట్లు పెట్టేదాన్ని. ఒక గాటు నుంచి ఇంకో గాటు దాకా ఒక పూట మందు. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఆ గాట్లు చూసుకుని కొలత తప్పకుండా తాగేవారు. అంటించడానికి పిండి ఉడికించిన లై. పురుగులు తినకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్లం.

ఆ ఏడు వానలు పడ్డాక చలిజ్వరాలు ఊళ్లమీద పడ్డాయి. క్వినైన్ కోసం జనం వరండా నిండా కూర్చునేవారు. ఒకరోజు పొద్దున్నే ఒక ముసలాయన కోడలి భుజం పట్టుకుని గుమ్మంలోకి వస్తూనే కేకలు మొదలుపెట్టాడు.

"మందిస్తున్నరా, మంట వెడుతున్నరా? నోరంత బొబ్బలెక్కింది సూడుండ్రి!"

ఆయనకు జ్వరమూ ఉంది, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. ఇంట్లో రెండు సీసాలున్నాయి. కోడలు పొరపాటున మాలిష్ మందు గిన్నెలో పోసి ఇచ్చింది. నోట్లో పోసుకున్న వెంటనే ఉమ్మేశాడు కాబట్టి బతికాడు. ఆమె రెండు సీసాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్కదాని మీదా చీటీ లేదు, పట్టీ లేదు. రెండూ కడిగిన గాజులా ఉన్నాయి.

డాక్టరు సాబు హైదరాబాదు మనిషి, కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు. ఆ రోజు చాలా తగ్గించాడు. "చీటీలు యాడ వోయినయి?" అన్నాడు.

కంపౌండరు నావైపు చూపించాడు. "మందు నేను సరిగనే వోసిన సాబ్. అంటిచ్చేది గా పిల్ల. ఆమె చేతుల పస లేదు. మొన్న గూడ రెండు సీసాలు గిట్లనే వాపస్ వచ్చినయి."

"ఇంకొక్క సీసా చీటీ లేకుంట వాపస్ వస్తే నీ నౌకరీ ఖతం," అన్నాడు డాక్టరు సాబు నాతో. "మనుషులు సచ్చిపోతరు, సమజైందా?"

సమజైంది. కొలువు పోతుందన్న భయం ఒకవైపు, ఆ ముసలాయన ఒక్క గుక్క మింగి ఉంటే ఏమయ్యేదన్న భయం ఇంకోవైపు. దానికి తోడు కంపౌండరు మాట కారం పూసినట్టు మండింది. నా చేతుల్లో పస లేదా? వెంటనే లై ఇంకా చిక్కగా ఉడికించి, ముందు ఆ ముసలాయన రెండు సీసాలకూ కొత్త చీటీలు అంటించి ఇచ్చాను. ఒక్కో చీటీని గోరు అరిగేలా రుద్దాను. వారం తిరగకముందే ఒక అవ్వ, చీటీని విడిగా కొంగున ముడేసుకుని, సీసాను విడిగా పట్టుకుని వచ్చింది. అదృష్టం, డాక్టరు సాబు ఆ పూట లేడు. అవ్వ చెంగు నుంచి చీటీ తీసుకుని గబగబా మళ్లీ అంటించి పంపేశాను.

ఇక కూర్చుంటే లాభం లేదని ఆదివారం ప్రార్థన అవగానే ఆ ముసలాయన ఊరికి నడిచాను. వాళ్లది రైతు కుటుంబం. మా కులంవాళ్లు వాళ్ల గడప దాటరు, అందుకని నేను వాకిట్లోనే ఆగాను. ముసలాయన నన్ను చూసి, "మల్లేం తాపుతవు తల్లీ?" అన్నాడు, నోరు కొంత మానినట్టుంది. జ్వరం మందు ఒకసారి చూపించమని కోడలిని అడిగాను. ఆమె లోపలికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది, నాకు అంతా కనిపిస్తోంది. గోడవార నీళ్లకుండలు వరుసగా ఉన్నాయి. వాటి కింద తడి ఇసుక పోసి ఉంది. ఆమె ఒంగి, కుండ పక్కన ఇసుకలో మెడదాకా పాతిపెట్టిన సీసాను ఊడబెరికి తెచ్చింది. మొన్న నేను ప్రాణం పెట్టి అంటించిన చీటీ ఇసుకకు అంటుకుని అక్కడే ఉండిపోయింది.

"ఇసుకల ఎందుకు వెట్టినవ్ అక్కా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వే చెప్పినవ్ గద చెల్లె, చల్లని జాగల వెట్టుమని. గీ ఇంట్ల గంతకంటె చల్లని జాగ యాడుంది?"

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. నిజమే. ప్రతి సీసా చేతికిస్తూ "చల్లని జాగల వెట్టుండ్రి" అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చిలకలా చెప్పింది నేనే. వాళ్లు తు.చ. తప్పకుండా పాటించారు. పైగా క్వినైన్ వేడి చేస్తుందని అందరికీ బెంగ. దాని వేడి చల్లారాలంటే కుండ కింది ఇసుకకు మించిన చోటు లేదు. తిరుగుదారిలో ఇంకో రెండు ఇళ్లలో అడిగాను. అక్కడా సీసాలు ఇసుకలోనే ఉన్నాయి.

"ఇసుకల వెట్టకుండ్రి" అని మర్నాటి నుంచి చెప్పి చూశాను. "మరి చల్లని జాగ గూడ మీరే సూపియ్యుండ్రి" అన్నారు. రేకులా కాలే ఇళ్లలో ఉండేవాళ్లకు ఏం చూపిస్తాను? ఇక జనాన్ని మార్చడం కాదు, చీటీనే మార్చాలి. నీళ్లలో ఉన్నా ఊడని చీటీ కావాలి.

ఇక్కడ మా నాయిన పని గురించి చెప్పాలి. దవాఖానలో ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గు పడ్డాను, దాచడం దేనికి. మా నాయిన మోటలు కుట్టేవాడు. బావిలో నీళ్లు తోడే తోలు మోట పొద్దంతా నీళ్లలో మునిగి లేస్తూ ఉంటుంది. అయినా ఆయన కుట్టిన కుట్టులోంచి చుక్క కారదు. మైనం కరిగించి, ఇంత ఆముదం కలిపి, కుట్ల మీద పూసేవాడు. చిన్నప్పటి నుంచి ఆ వాసన ఇంట్లో ఉన్నా, నాకు అవసరమయ్యేదాకా తట్టలేదు.

గబగబా ఒక సీసాకు మైనం పూసి దాని మీద చీటీ అంటించాను. నీళ్లలో పెడితే పూట గడవకముందే జారిపోయింది. నాయిన చూసి నవ్వాడు. "చదువుకున్నదానివి, కింద పూస్తె ఏం నిలుస్తది బిడ్డా? ముందుగాల కాయితం మంచిగ ఆరనియ్యి. మైనం పైన పొయ్యి. కుట్టు మీదనే పూస్తె నీళ్లు పక్కకెల్లి వస్తయి. సుట్టూత వేలెడంత అవుతల దాక పారాలె."

అలాగే చేశాను. కాగితం దాటి, గాజు మీదికి వేలెడంత పూశాను. అక్షరాలు పలచని తేనె పొర కింద ఉన్నట్టు స్పష్టంగా కనిపించాయి. ఎర్ర రంగు ఇంకా ఎర్రబడింది.

ఆ సీసా పట్టుకుని డాక్టరు సాబు ముందు నిలబడి ఇసుక సంగతి, మైనం సంగతి చెప్పాను. కంపౌండరు ఫక్కున నవ్వాడు. "లై కంటె గట్టిదా గీ మైనం? నేను స్వయంగ అంటిస్త, నీది నాది రెండు ఇసుకల వెడదాం."

"పెట్టుండ్రి," అన్నాడు డాక్టరు సాబు. వరండాలో రోగుల కోసం పెట్టిన నీళ్లకుండ కింద ఇసుకలో రెండు సీసాలూ పాతారు. రోగులకు అదొక తమాషా అయింది. నీళ్లు తాగడానికి వచ్చిన ప్రతివాడూ ఒంగి చూసిపోయేవాడు. రెండో రోజు పొద్దున కంపౌండరు చీటీ జారి ఇసుకలో పడింది. ఆయన దాన్ని కాలితో కప్పబోయాడు గానీ, అప్పటికే ఒక పిల్లతల్లి చూసి అందరికీ చెప్పేసింది. నాది మూడో రోజు నిలిచింది. ఐదో రోజూ నిలిచింది. ఎనిమిదో రోజు డాక్టరు సాబు స్వయంగా సీసా తీసి, తడి తుడిచి, గోటితో చీటీ అంచు గీకి చూశాడు. ఊడలేదు. గాట్లన్నీ పదునుగా అలాగే ఉన్నాయి. వరండాలో ఎవరో చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా నేను కూడా కొట్టాను.

"ఎవలు నేర్పిండ్రు నీకు గీ పని?" అన్నాడు డాక్టరు సాబు.

గొంతు దాకా వచ్చిన అబద్ధాన్ని మింగేశాను. "మా నాయిన, సాబ్. మోటలు కుడుతడు," అన్నాను, వరండా అంతా వినేలా. కంపౌండరు నేల చూపులు చూశాడు.

"రేపు మీ నాయినను తోల్కరా," అన్నాడు డాక్టరు సాబు. "ఇన్ని సీసాలకు నువ్వొక్కదానివి పూయలేవు. కంపౌండరుకు గూడ నేర్పియ్యాలె."

మర్నాడు నాయిన ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. ఎంతోమంది ఇళ్లకు మోటలిచ్చాడు గానీ ఏ ఇంటి గడపా దాటని మనిషి, దవాఖాన గుమ్మం బయటే నిలబడిపోయాడు. డాక్టరు సాబు బయటికి వచ్చి, "లోపలికి రావయ్యా, పొయ్యి లోపలున్నది," అన్నాడు. నాయిన లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. పక్కన కంపౌండరు గొంతుకూర్చున్నాడు. మైనం కరిగింది. మొదటి సీసా పూయబోయి కంపౌండరు వేలు కాల్చుకుని చెయ్యి విదిలించాడు.

"మొదట్ల అందరికి కాలుతది," అన్నాడు నాయిన, ఆయన చెయ్యి పట్టుకుని సీసా మీద సరిగ్గా ఆనించి. "మెల్లగ పొయ్యి బిడ్డా, తొందర వడకు."

కంపౌండరు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాయిన చెప్పినట్టే, మెల్లగా, చుట్టూ వేలెడంత పారేలా మైనం పోశాడు.